మచ్చ లేని ఫొటోలు

మా ఇంట్లో నాకు తెలియకుండా చీమ కూడా తుమ్మదు. తుమ్మాలనిపిస్తే ముందు నా దగ్గరికొచ్చి, పర్మిషన్ తీసుకుని, అప్పుడు వెళ్ళి తుమ్ముతుంది. ఎవరి ఫోన్‌కి ఏ తాళం, ఎవరు ఎవరి మీద ఎందుకు అలిగారు, ఏ బీరువాలో ఏ చీర కింద ఏముంది, అన్నీ నాకు కంఠతా. గూఢచారులెవరైనా వస్తే ట్యూషన్ చెప్పడానికి నేను రెడీ.

ఆ పొద్దున కూడా ఈ విషయమే తలుచుకుని గర్వపడుతూ టీ తాగుతున్నాను. మాది కింద ఫొటో స్టూడియో, పైన ఇల్లు. అమ్మ ఫొటోగ్రాఫర్. అప్పటికే కిందికి దిగి షట్టర్ లేపుతోంది. నాన్న ఈత కోచ్. తెల్లారేసరికి స్విమ్మింగ్ పూల్లో ఊళ్ళో పిల్లలందర్నీ ముంచి, తేల్చి, ఆరబెట్టి, క్లోరిన్ వాసనేసుకుంటూ ఇంటికొచ్చి, చొక్కా విప్పి సోఫాలో బోర్లా పడి గురక పెడతాడు. ఆ గురకకి వీధి చివర ఉన్న కుక్క ఇల్లు మారింది.

అమ్మ ఫోన్ పైనే మర్చిపోయింది. అది మోగింది. తెలియని నంబరు. తెలియని నంబర్లంటే నాకు ప్రాణం. ఎత్తి, గొంతు బొంగురు చేసి, "అగ్నిమాపక కేంద్రం. ఎక్కడ తగలబడిందో చెప్పండి" అన్నాను.

అవతలమ్మాయి కొంచెం కూడా తడబడలేదు. "మేడమ్, స్కిన్ క్లినిక్ నుంచండీ. మీరు అడ్వాన్స్ కట్టిన డైమండ్ ప్యాకేజీలో మొదటి పీలింగ్ రేపు. మొహం మీద తోలు పొరలు పొరలుగా ఊడుతుంది. కంగారు పడకండేం."

"తోలు ఊడుతుందా!"

సోఫాలో గురక ఆగింది. "ఎవరి తోలే?" అన్నాడు నాన్న.

"అమ్మది. అడ్వాన్స్ కట్టిందట."

అంతే. చీమ తుమ్మేసింది. రశీదు కూడా తీసుకుంది.

అమ్మని కేకేస్తే మెట్లెక్కి వచ్చింది. నా చేతిలో ఫోన్ చూసింది, నాన్న మొహం చూసింది. విషయం అర్థమైపోయింది.

"కట్టాను. అయితే ఏంటి?" అంది.

"మొహానికి సున్నం కొట్టించుకోడానికి అంత డబ్బా? ఆ ప్యాకేజీ ఖరీదుతో ఇల్లంతా రంగులేయించొచ్చు."

"ఇంటికేం, బానే ఉంది. మంగు మచ్చలొచ్చింది నాకు."

నిజమే. అమ్మకి రెండు బుగ్గల మీదా గోధుమ రంగు మచ్చలున్నాయి. మేమందరం అలవాటు పడి చూడ్డం మానేశాం.

"నీకు చేతిలో పనేగా! ఊరందరి మచ్చలూ కంప్యూటర్లో తుడుస్తావు. నీదీ ఒక ఫొటో తీసుకుని తుడిచేసుకో" అన్నాడు నాన్న. జోకు వేశాననుకుని నా వైపు చూశాడు. నేను నవ్వబోయాను. అమ్మ మొహం చూసి, నవ్వుని దగ్గుగా మార్చేశాను.

"మొన్నొక పెళ్ళికూతురొచ్చింది" అంది అమ్మ నెమ్మదిగా. "నా ఎదురుగా కూర్చుని, ఆంటీ, నా ఫొటోలో మచ్చలన్నీ తీసేయండి, మీ మొహంలా రాకూడదు అంది. పిల్ల ఏదో తెలీక అంది. నేను నవ్వి, అలాగేనమ్మా అన్నాను. ఆ రోజు సాయంత్రం వెళ్ళి కట్టాను. నా దుకాణం, నా సంపాదన, నా మొహం. ఇంకేమైనా అడగాలా?"

నాన్న లేచి చొక్కా వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఇలాంటప్పుడు మధ్యలో దూరడం నా జన్మహక్కు. "చెప్పులు కొనాలన్నా నాలుగు షాపులు తిరుగుతాంగా! ఇది చెప్పుల తోలు కాదు, మొహం తోలు. ముగ్గురం వెళ్ళి ఆ క్లినిక్కూ చూద్దాం, ఇంకో డాక్టర్నీ అడుగుదాం. ఎవరేం చెప్తారో చూస్తే పోలా?" అన్నాను.

"కోతి చెప్పిన మాటే అయినా బానే ఉంది" అంది అమ్మ. ఇంట్లో నా పేరు అదే.

నాన్న కూడా బయల్దేరాడు. అడ్వాన్సు వెనక్కి లాక్కొస్తానని కండలు చూపించాడు.

క్లినిక్కులో లైట్లు ఎన్ని ఉన్నాయంటే, సూర్యుడు వచ్చి పనికి చేర్చుకోమన్నా చోటు లేదనేవారు. కోటేసుకున్న ఒకావిడ ఎదురొచ్చింది. ఆవిడ నవ్వు మేం లోపలికెళ్ళినప్పుడు మొదలై, బయటికొచ్చేదాకా ఆగలేదు. అమ్మ మొహాన్ని ఒక పెట్టెలో పెట్టించింది. లోపల నీలం వెలుతురు. స్క్రీన్ మీద అమ్మ బుగ్గలు వానకి తడిసిన గోడలా కనబడ్డాయి.

"చూశారా మేడమ్, లోపల ఎంత డ్యామేజీ ఉందో!"

నాకు మనసాగలేదు. నా మొహం కూడా దూర్చాను. ఆ మెషిన్ కాసేపు ఆలోచించి, నా చర్మం వయసు నలభై దాటిందని తేల్చింది. అమ్మ కంటే నేను కొంచెమే చిన్న. నవ్వులావిడ నాకు కూడా ఒక ప్యాకేజీ చెప్పింది.

"ఈ కుర్చీని కూడా ఓసారి పెట్టి చూడండి" అన్నాడు నాన్న. "పాపం, ముడతలు పడుతోంది."

అమ్మ మాత్రం స్క్రీన్‌నే చూస్తోంది. "ఈ లైటింగ్ పెడితే పసిపాప మొహం మీదా మచ్చలొస్తాయి" అని గొణిగింది. తర్వాత తలెత్తి, "లేజర్ ఎవరు కొడతారండీ?" అంది.

"మా టెక్నీషియన్ మేడమ్. చాలా ఎక్స్‌పర్ట్."

"డాక్టరు?"

"గురువారం వస్తారు మేడమ్."

"ప్రతి గురువారమా?"

నవ్వులావిడ ఇంకొంచెం నవ్వింది. అడ్వాన్సు వెనక్కి రాదట. కావాలంటే ఇంట్లో ఇంకొకరి మొహానికి మార్చుకోవచ్చట. నాన్న కండలు చొక్కాలోకి వెళ్ళిపోయాయి.

రెండో డాక్టరు చెప్పుల షాపు పైన మేడలో ఉంటుంది. పొట్టిగా ఉంటుంది, మెడలో గొలుసుకి ఒక భూతద్దం వేలాడుతూ ఉంటుంది. ఆవిడ అమ్మని కిటికీ దగ్గర నిలబెట్టి, మామూలు వెలుతుర్లో చూసింది. ఏం మందులు వాడుతున్నారు, ఎండలో ఎంతసేపుంటారు, అమ్మమ్మకి కూడా ఉండేవా, ఇవన్నీ అడిగింది. ఇంత చిన్న మచ్చకి ఇన్ని ప్రశ్నలా అని నాకు ఆసక్తి పుట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"మంగు మొండిదమ్మా" అంది డాక్టరమ్మ. "రోజూ సన్‌స్క్రీన్, రాత్రిపూట ఒక క్రీము, బోలెడంత ఓపిక. తొందరపడి లేజర్ కొట్టిస్తే కొందరికి ఇంకా నల్లబడుతుంది."

"పూర్తిగా పోతుందా అండీ?"

"తగ్గుతుంది. పోతుందని ఎవరైనా రాసిస్తే, ఆ కాగితం నాకూ ఓసారి చూపించండి."

అమ్మ నవ్వింది. ఆ ఉదయం నుంచి అదే మొదటిసారి. క్రీముల ఖరీదు విని నాన్న కూడా నవ్వాడు.

ఆయన నవ్వినప్పుడే డాక్టరమ్మ చూపు ఆయన మెడ మీద పడింది. కాలర్ పైన ఒక రంగు, కాలర్ కింద ఇంకో రంగు. "మీరు ఎండలో పని చేస్తారా?"

"ఈత కోచ్‌నండీ. ఇన్నేళ్ళుగా పూల్లోనే."

"అయితే మీరు కూడా ఓసారి ఒళ్ళంతా చూపించుకోండి. దానికి ఫీజు వేరేగా ఉంటుంది."

"నాకెందుకండీ? నాది మొసలి తోలు."

అమ్మ పర్సు తీసి కట్టేసింది. "పొద్దున నా డబ్బుతో నా మొహం చూపించుకుంటే గోల చేశారుగా. ఇప్పుడు అదే డబ్బుతో మీ ఒళ్ళు చూపించుకోండి. కదలకుండా పడుండాలి" అంది. ఆడవాళ్ళ కక్ష ఎంత తియ్యగా ఉంటుందో ఆ రోజే చూశాను.

నాన్న చొక్కా విప్పాడు. డాక్టరమ్మ వేళ్ళ సందుల్లోంచి, చెవుల వెనక నుంచి మొదలుపెట్టి వీపు దగ్గరికొచ్చింది. కుడి భుజం ఎముక మీద ఆగింది. భూతద్దం వదిలేసి, డ్రాయర్లోంచి లైటున్న ఇంకో అద్దం తీసింది.

"ఈ మచ్చ ఎప్పట్నుంచి ఉంది?"

"పుట్టుమచ్చండీ. పుట్టినప్పట్నుంచీ ఉందని మా అమ్మ చెప్పేది."

"ఇలాగే ఉందా? పెరగలేదా?"

"నా వీపు నాకెలా కనబడుతుంది?"

డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంది. అంచులు వంకర టింకరగా ఉన్నాయనీ, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నాయనీ చెప్పింది. "చెడ్డదని నేననట్లేదు. కానీ పైకి చూసి కాదని చెప్పలేను. దాన్ని తీసేసి పరీక్షకి పంపాలి. చెడ్డదే అయితే, ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. కుట్లు మానేదాకా నీళ్ళలో దిగకూడదు."

"సోమవారం నుంచి సెలవుల క్లాసులండీ. నేను దిగకపోతే ఇంకొకడు దిగుతాడు. మళ్ళీ ఆ చోటు నాది కాదు." నాన్న అప్పటికే చొక్కా తొడిగేస్తున్నాడు. "పుట్టుకతో వచ్చినదాన్ని ఎందుకు కోయించుకోవాలి? మారిందని చూపించండి, అప్పుడు చూద్దాం."

"పాత ఫొటోలున్నాయా?"

మేం ముగ్గురం ఒకేసారి నవ్వాం. ఫొటోలున్నాయా అని మమ్మల్నా అడగడం! చేపల మార్కెట్‌కెళ్ళి ఇక్కడ వాసనేమైనా వస్తుందా అన్నట్టుంది.

ఇంటికెళ్ళగానే అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. నాన్న బతుకే చొక్కా లేని బతుకు. మెడల్ తీసుకుంటూ, పిల్లల్ని ఎగరేస్తూ, బీచిలో నన్ను ఇసుకలో పాతిపెడుతూ, ప్రతి ఏడాదీ పూల్ వార్షికోత్సవం గ్రూప్ ఫొటోలో వెనక్కి తిరిగి కండలు చూపిస్తూ. అమ్మ ఒక్కో ఫొటో తెరిచి భుజం మీద పెద్దది చేసింది. మళ్ళీ ఇంకోటి. ఇంకోటి.

అన్నింట్లోనూ వీపు కోడిగుడ్డులా నున్నగా ఉంది.

"ఇదేంటే అమ్మా?" అన్నాను.

అమ్మ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. "నేనే" అంది. "మచ్చ కనిపిస్తే నా వేలు ఆగదు. కన్ను చూసేలోపే తుడిచేస్తుంది. అసలువి దాచడానికి జాగా చాలక తీసేస్తాను." ఇంకో ఫొటో తెరిచి మూసింది. "ఏటా తుడిచాను. ఏటా ఒకే మచ్చ అనుకున్నాను. అది ఎంతుందో ఒక్కసారైనా చూళ్ళేదు. ఊరందరి మొహాలూ చూస్తాను గానీ, మీ వీపు..."

మౌస్ వదిలేసింది. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నాన్నకి ఏడుపు చూస్తే భయం. "చూశావా, ఫొటోల్లో లేదంటే అసలు లేనట్టే!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "ఊరుకోవే. నాకేం కాదు. సోమవారం క్లాసులవనీ, ఆ తర్వాత చూద్దాం" అంటూ లేచాడు.

ఆయన తలుపు దాకా వెళ్ళాడు. దాటితే, ఇక ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదని నాకు తెలుసు.

"నా దగ్గరున్నాయి" అన్నాను.

ఇద్దరూ తిరిగి చూశారు.

"నాన్న పడుకున్నప్పుడు తీసిన ఫొటోలు. ఫోన్లో ఉన్నాయి. అమ్మ చెయ్యి పడనివి."

బాత్రూమ్‌లోకెళ్ళి తలుపేసుకుని, ఫొటోలు ఏరాను. ఒక్కోదాన్నీ మచ్చ చుట్టూ గట్టిగా కత్తిరించాను. ఎందుకు కత్తిరించానంటే, మిగతా భాగంలో నా ఆరోగ్యానికి మంచివి కాని సంగతులు కొన్నున్నాయి. బయటికొచ్చి, వరసగా చూపించాను. మొదటిదాంట్లో మచ్చ మిరియం గింజంత. చివరిదాంట్లో చొక్కా గుండీ అంత, ఒక పక్కకి సాగి ఉంది.

నాన్న ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తన వీపు మీది మచ్చని ఆయన మొదటిసారి చూడటం అదే.

"ఇవెందుకు తీశావే?" అంది అమ్మ.

ఇదిగో, ఇక్కడ నేను నిజం చెప్పుండాల్సింది. కానీ ఇద్దరూ నా వైపు అలా ఎప్పుడూ చూడలేదు. ఆ చూపు కొత్తగా, బావుంది. "ఎందుకో అనుమానమొచ్చి... అప్పుడప్పుడూ తీసి పెట్టాను" అన్నాను, కళ్ళు కిందికి దించుకుని.

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. నాన్న నా నెత్తిన చెయ్యేశాడు. సాయంత్రానికి పిన్ని, బాబాయి, పక్క షాపు టైలరు, అందరికీ తెలిసిపోయింది. "కోతి అనుకున్నాం గానీ, ఎంత ముందుచూపు!" అన్నారు. నేను వినయంగా తలూపాను. ఇంకొంచెం ఉంటే వీధికి నా పేరు పెట్టేవారు.

మర్నాడు మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం. సోమవారం క్లాసులు పోతే పోనీ, తీయించుకుంటానన్నాడు నాన్న. ఆవిడ ఫొటోలు చూసి, "శభాష్ అమ్మాయ్. ఇలాంటి పిల్ల ఇంటికొకరుండాలి" అంది. నేను కుర్చీలో రెండంగుళాలు పెరిగాను.

తర్వాత ఆవిడ ఒక ఫొటో దగ్గర ఆగింది. పెద్దది చేసింది. ఇంకా పెద్దది. నవ్వు పోయింది.

"మచ్చ పక్కన ఈ నల్ల గీతేంటి? ఇక్కడ్నించి ఇలా వంపు తిరిగి పాకింది. ఈ రోజు చర్మం మీద లేదే." నాన్న వీపు మళ్ళీ చూసింది. "తర్వాతి ఫొటోలోనూ ఉంది. రంగు ఇంత దూరం పాకి, వెనక్కి మాయమైందంటే అది మంచి లక్షణం కాదు. అలాగైతే నేనిక్కడ తీయను. పెద్దాసుపత్రికి రాసిస్తాను. చాలా వెడల్పుగా, లోతుగా కోయాల్సి రావచ్చు."

అమ్మ నాన్న చెయ్యి పట్టుకుంది. పొద్దున్నే ఊరందర్నీ నీళ్ళలోకి తోసే మనిషి, ఆ చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. డాక్టరమ్మ కలం తీసి కాగితం ముందుకు లాక్కుంది.

"డాక్టర్ గారూ" అన్నాను. నా గొంతు నాకే చీమ గొంతులా వినబడింది. "అది రోగం కాదండీ."

"మరి?"

"చేప."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. మేం మాత్రం ఆగిపోయాం.

"అమ్మ కాటుక పెన్సిల్‌తో గీశానండీ. నాన్న నిద్రపోతున్నప్పుడు. ఆ వంపు గీత చేప మూతి." కత్తిరించని ఫొటోలు తెరిచి బల్ల మీద పెట్టాను. గురక పెడుతున్న నాన్న వీపు మీద పొలుసులు, రెక్కలు, తోకతో సహా చేపలు. ఒకటి కళ్ళజోడు పెట్టుకుంది. ఒకదాని నోట్లో సిగరెట్.

"అందుకా?" అన్నాడు నాన్న. "అందుకా పూల్లో పిల్లలు నన్ను చేప సార్ అంటారు? నా ఈత చూసి అనుకున్నానే!"

"నీళ్ళలో కూడా చెరగదని ఉంది నాన్నా, పెన్సిల్ మీద."

"అనుమానమొచ్చి తీశానన్నావు!" అంది అమ్మ.

"అబద్ధం. వేరే ఊళ్ళో ఉన్న అన్నయ్యలకీ వదినలకీ పంపి నవ్వుకోడానికి తీశాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి, నవ్వు ఆపుకుంటోంది. మీరు కంగారు పడకుండా తర్వాత సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. మచ్చని ఆవిడే తీసింది. రిపోర్టులో చెడ్డదనే వచ్చింది, కానీ లోతుకి దిగలేదు. చుట్టూ ఇంకొంచెం తీసి, ఇక ఏమీ మిగల్లేదని చెప్పారు. నాన్నకిప్పుడు కొన్ని నెలలకోసారి ఒళ్ళంతా చెకింగ్. ఫీజు అమ్మే కడుతుంది, అదొక సరదా ఆవిడకి. సెలవుల క్లాసులు పోయాయి. నాన్న గట్టు మీద గొడుగు కింద కూర్చుని, ఆ ఇంకొకడికి తప్పులు చెప్పి చంపేశాడు.

కానీ ఆ రోజు అవేవీ మాకు తెలీదు. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఫొటోలు చూసింది. "అన్ని చేపలకీ కన్ను ఈ మచ్చేనా?"

"అవునండీ."

"అంటే ప్రతిసారీ దీన్ని దగ్గర్నుంచి చూశావు."

"చూశాను."

"పెరుగుతోందని తెలిసిందా?"

ఇప్పుడు చెప్పేది ఆ గదిలో తప్ప ఇంకెక్కడా చెప్పలేదు. ముందుచూపు అని పొగిడిన పిన్నికి కూడా చెప్పలేదు.

"తెలిసిందండీ. కన్ను పెద్దదైంది కాబట్టి ప్రతిసారీ తల పెద్దది గీయాల్సి వచ్చేది. తలకి తగ్గట్టు ఒళ్ళు. చివరిదానికి భుజమంతా సరిపోలేదు, నడుం దాకా గీశాను." నవ్వుతూ చెప్దామనుకున్నాను. నవ్వు రాలేదు. "భలే పెద్ద చేప పడిందనుకున్నాను నాన్నా. అంతకు మించి ఏమీ అనుకోలేదు."

ముక్కు కారుతోంది, కళ్ళు కారుతున్నాయి, ఏది ఏదో తెలీట్లేదు.

"నటించకు" అంది అమ్మ. అంటూనే తన కుర్చీ నా వైపు జరుపుకుంది.

నాన్న ముందుకు వంగి నా మొహంలోకి చూశాడు. "నటన కాదే. నటిస్తే దీనికి ముక్కు కారదు" అని చొక్కా చివర్తో నా ముక్కు తుడిచాడు. తర్వాత బల్ల మీద ఫోన్ తీసుకుని, ఆ నడుం దాకా ఉన్న చేపని చాలాసేపు చూశాడు.

"మీ అమ్మ చూసి తుడిచింది. నువ్వు చూసి గీశావు. ఇద్దరూ చూశారు కదా, చాలు. నాకసలు కనబడనే లేదు."

"నేను చెప్పాల్సింది నాన్నా."

"చెప్పాల్సింది" అన్నాడు. ఆ మాట కాదనలేదు, కోప్పడనూ లేదు.

"నేను చూశాను, చెప్పలేదు" అన్నాను మళ్ళీ. ఈసారి ఎవరూ అడక్కుండానే.